చివరి మడి సింహాద్రమ్మ

పంచాయతీ ప్రెసిడెంటు కుర్చీకి మనసు చదివే యంత్రం బిగించాక అందులో ఎవరూ కూర్చోలేకపోయారు. ఇప్పుడు కాలవ తూముకీ బిగించారు. తలుపు మీద అరచెయ్యి ఆనించినవాడు ఊరి మేలు కోరితే పచ్చదీపం వెలిగి తలుపు లేస్తుంది. సొంత మేలు కోరితే ఎర్రదీపం. వారం నుంచీ ఎర్రదీపమే. మడులు నెర్రెలిచ్చాయి.

తూము పక్క మడి గవరయ్యది. "ఊరంతా సల్లగుండాల," అంటూ చెయ్యి ఆనించాడు. ఎర్రదీపం.

"నీ మడి తడిసేక తలుపు దించేద్దారనుకున్నావు కదా మావా?" అంది సింహాద్రమ్మ. ఆవిడది అన్నిటికన్నా దిగువ మడి. ఇవాళ తడవకపోతే నాటిన నారు దక్కదు.

"నువ్వేదో దేవతవైనట్టు! పెట్టు సూద్దుం."

సింహాద్రమ్మ చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. గవరయ్య మడి నిండాలని, దాని కింద అప్పన్న మడి పొర్లాలని, అలా ఒక్కో మడినీ పేరుపేరునా మొక్కుకుంది. పచ్చదీపం వెలిగింది. తలుపు లేచింది.

గవరయ్య నోరెళ్ళబెట్టాడు. "ఓలమ్మా, మామీద నీకింత పేమేటే?"

"పేమా, నా బొందా! మీయన్నీ నిండి పొర్లితే గానీ నా మడికి సుక్క రాదు," అంటూ సింహాద్రమ్మ పార భుజానేసుకుని దిగువకి పరుగెత్తింది.