ఏకసభ్య చీలికవర్గం

"ఆరేళ్ళనుంచి గడియారం ముల్లులా ఒకేవైపు తిరుగుతున్నాం. ఎడమకాలి బూటొక్కటే అరిగిపోతోంది. ఒంటి బూటు అమ్మవయ్యా అంటే షాపువాడు నన్ను ఎగాదిగా చూస్తున్నాడు!"

పార్కు బెంచీ దగ్గర సబ్‌ఎడిటర్ గారు గొంతు పెంచారు. పేపరాఫీసులో రిటైరయ్యాక ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఉదయపు నడక సంఘంలో పద్నాలుగు మంది సభ్యులు. ముందు ఆడవాళ్ళ వరస, వెనక మగవాళ్ళ వరస. కొలను ఎప్పుడూ కుడిచేతివైపే ఉండాలి. అది రూలు.

"అయితే ఏం చేద్దామంటారు?" అన్నారు ప్రెసిడెంటు గారు. బ్యాంకు మేనేజరుగా చేసి దిగిపోయినా, ఆయన ఇంకా దరఖాస్తు చూస్తున్నట్టే చూస్తారు.

"రేపట్నుంచి ఎదురు తిరుగుదాం."

"నా మీదా?"

"కాదండీ. కొలను చుట్టూ."

ఓటింగు పెట్టారు. ఉన్నవైపే నడుద్దామని పదిమంది చేతులెత్తారు. అందరికంటే ముందు చెయ్యెత్తింది సబ్‌ఎడిటర్ గారి భార్య. అదీ ఆయన వైపు తిరక్కుండానే.

మర్నాడు నలుగురు విడిపోయి ఎదురువైపు బయల్దేరారు.

"ఇంతకీ మనల్ని ఏమనాలి సార్?" అన్నాడు పళ్ళ డాక్టరు హుషారుగా. "ముప్పయ్యేళ్ళు ఇలాంటి వార్తలే దిద్దారుగా?"

"సగం మంది పోతే చీలిక. పదిమంది పోతే వేరుకుంపటి. నలుగురు పోతే తిరుగుబాటు."

"ఒక్కడే పోతే?"

"దాన్ని అలక అంటారు."

అవి చలికాలపు పొద్దులు. కొలను మీంచి మంచు లేచి దారిని మెల్లగా మింగేసేది. చెట్లు సగం వరకే ఉండేవి. ఎదురునుంచి ముందు మాటలొచ్చేవి, తర్వాత మఫ్లర్లు, ఆ తర్వాత మనుషులు. కలలో కనిపించే చుట్టాల్లా తేలుతూ వచ్చి, పలకరించాలా వద్దా అని తటపటాయించి, తేలుతూనే పోయేవాళ్ళు. చుట్టు పూర్తయ్యేలోపు మళ్ళీ కలిసేవాళ్ళు. ప్రెసిడెంటు గారు మాత్రం రెండుసార్లూ కొలనులో బాతులున్నాయేమో అన్నట్టు అటు తిరిగేవారు. బాతులు ఎప్పుడూ లేవు.

తిరుగుబాటు పదిహేను రోజులు బతికింది. పళ్ళ డాక్టరుకి తన పేషెంట్లంతా అటువైపే ఉన్నారని గుర్తొచ్చింది. ఇన్సూరెన్సు ఏజెంటుకి ఇటువైపు అందరూ పాలసీలు కట్టేసినవాళ్ళేనని తెలిసొచ్చింది. పక్కింటాయన్ని వాళ్ళావిడ పిలిచింది. అంతే, వెళ్ళిపోయాడు.

సబ్‌ఎడిటర్ గారు ఒక్కరే మిగిలారు. అయినా మానలేదు. పైగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళడం మొదలుపెట్టారు.

"ఎన్నాళ్ళీ అలక?" అంది భార్య, పొయ్యి మీద గిన్నెతో మాట్లాడుతున్నట్టు.

"అలక కాదు. సిద్ధాంతం."

"బూటు సిద్ధాంతమా? నలుగురూ నన్నడుగుతున్నారు, మీ ఆయనకేమైందని. తలెత్తుకోలేకపోతున్నా." గిన్నె మీద మూత పెట్టి, "అవునూ, మీసం ఎప్పుడు తీసేశారు?" అంది.

"మొన్న వేసవిలో."

"అదా సంగతి! మంచులో ఎదురొస్తుంటే ఎవరో కొత్తాయన అనుకున్నా."

సబ్‌ఎడిటర్ గారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, మర్నాటికి ఇంకో చొక్కా ఇస్త్రీ చేసుకున్నారు.

శనివారం ప్రెసిడెంటు గారే ఇంటికొచ్చారు. కాసేపు కుర్చీ చేతులు నిమిరారు.

"పాతికేళ్ళ స్నేహమయ్యా మనది. బూట్లు నేను కొనిస్తా. రెండు కాళ్ళకీ. వచ్చెయ్."

"బూట్ల గురించి కాదండీ."

"మరి దేని గురించి?"

"కాఫీ తాగుతారా?" అన్నారు సబ్‌ఎడిటర్ గారు. ప్రెసిడెంటు గారి మొహం ఎర్రబడింది.

"సరే. సోమవారంలోగా అసలు కారణం కాగితం మీద రాసిచ్చెయ్. అందరి ముందూ చదువుతా. లేదంటే రిజిస్టర్లో నీ పేరు కొట్టేస్తా. ఆ తర్వాత ఆ బెంచీ మీద నా పక్కన చోటు ఉంచమని అడక్కు."

ఆ బెంచీ మీద ఆ చోటంటే సబ్‌ఎడిటర్ గారికి ప్రాణం. ఆదివారమంతా కాగితం ముందేసుకుని కూర్చున్నారు. 'మోకాళ్ళ నొప్పి' అని రాసి కొట్టేశారు. 'ప్రజాస్వామ్యం' అని రాసి, సిగ్గేసి, అదీ కొట్టేశారు. ఊళ్ళో వాళ్ళందరి సంగతులకీ హెడ్డింగులు పెట్టిన మనిషికి సొంత సంగతికి ఒక్క వాక్యం కుదరలేదు.

అందుకే ఆయన తరఫున నేనడుగుతున్నాను. తెల్లారితే సోమవారం. పదిమందిలో నవ్వులపాలు కాకుండా, ఆ పదిమందిలో ఉన్న ఒక్కరి మనసూ నొప్పించకుండా, ఈ ముక్క ఎలా రాయాలో మీలో ఎవరికైనా తెలిస్తే, దణ్ణం పెడతాను, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి:

ఎదురు నడిస్తే, చుట్టుకి రెండుసార్లు, భార్య ఆయన మొహం చూస్తుంది.