మగవాళ్లకు మాత్రమే

యాచారం నుంచి కొడుకు రమాకాంత్‌ను ఇబ్రహీంపట్నంలోని మత్తు మాన్పించే సెంటర్‌కు ఈడ్చుకొచ్చింది మాణిక్యమ్మ.

"మత్తుమందు కలిపిన కల్లుకు మరిగిండు సారూ. జర చేర్చుకో."

"తాగకుంటే చేతులు వణుకుతయా?" కౌన్సిలర్ అడిగిండు.

"మస్తు!"

రమాకాంత్ కిసుక్కున నవ్విండు. తన చెయ్యి బల్ల మీద పెట్టి, పక్కనే తల్లి చెయ్యి గుంజి పెట్టిండు. "ఎవరిది ఎక్కువ వణుకుతుందో నువ్వే చెప్పు సారూ."

తల్లిదే ఎక్కువ వణికింది.

కౌన్సిలర్ నసిగిండు. "ఇక్కడ మగవాళ్లనే చేర్చుకుంటమమ్మా."

"కల్లు దుకాణంల గట్ల అడగలే సారూ. ఇద్దరికీ ఒక్క కుండలకెళ్లే పోసిండ్రు. ముందు మా అమ్మకు జాగ చూడు, అప్పుడు నేను సంతకం పెడత."

మాణిక్యమ్మ చెయ్యి కొంగులో దాచుకోబోయి ఆగింది.

"ఆడోళ్ల సెంటర్‌కు ఫోన్ చెయ్యి సారూ," అన్నది. "వీడు మాట మార్చకముందే."