వెనకే వచ్చిన బండి

దారిపక్క హోటల్లో ఓ ముసలామె అడక్కుండానే వాళ్ళ బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకేం ఇబ్బంది లేదుగా? ఒక్కదాన్నే తింటే నాకు అరగదు."

ఇబ్బంది ఉందంటే లేచిపోయే మనిషిలా లేదు. అప్పటికే కారిస్సా పళ్ళెంలోంచి ఓ బంగాళాదుంప వేపుడు ముక్క తీసి నోట్లో వేసుకుంది.

ఎండకి కమిలి ముడతలు పడ్డ మొహం, తెల్లటి జడ, మోచేతుల దగ్గర అరిగిపోయిన తోలు కోటు. పేరు వెర్నా అట. బయట వాళ్ళ మోటార్‌సైకిల్ పక్కనే ఆమెదీ ఉంది. పాతదే, కానీ తుడిచి తుడిచి మెరిపించింది.

కారిస్సా మొగుడి వైపు చూసింది. డారెల్ కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

పాప పుట్టాక ఇద్దరూ కలిసి బయటికి రావటం ఇదే మొదటిసారి. పది నెలల ఓపల్‌ని అత్తగారి దగ్గర వదిలి, నిన్న పొద్దున టూసాన్‌లో బయల్దేరారు. ఇవాళ రాత్రికి తిరిగి ఇల్లు చేరాలి. ఈ రెండు రోజుల కోసం కారిస్సా చలికాలమంతా ఎదురుచూసింది. ఇంట్లో అతను పనికి పోతాడు, వస్తాడు, పడుకుంటాడు. మధ్యలో మాటలంటూ ఉంటే డబ్బా పాల గురించే. ఎడారిలో ఇద్దరమే ఉంటే ఏదో ఒకటి మాట్లాడకపోతాడా అనుకుంది.

తీరా చూస్తే బండి మీద మాటలు కుదరవు. వీపు చూస్తూ కూర్చోవటమే. ఆగినప్పుడు నాలుగు మాటలనుకుంటే, ఇదిగో, ఈమె.

"ఫోను అలా గాల్లోకి ఎత్తి పట్టుకుంటావేం అమ్మాయ్? పక్షులకు చూపిస్తున్నావా?"

"సిగ్నల్ లేదు. పాప మా అత్తగారి దగ్గరుంది."

"పళ్ళొచ్చాయా?"

"రెండు."

"అయితే ఈపాటికి మీ అత్తని కొరికే ఉంటుంది. ఇంకేం బెంగ నీకు?"

డారెల్ నవ్వాడు.

నిన్నటినుంచీ అతను నవ్వటం అదే మొదలు. అదీ తన మాటకి కాదు. కారిస్సా ఫోను పట్టుకుని విసురుగా బయటికి నడిచింది.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమెని చూసి ఆపేశారు.

బయల్దేరితే, వెర్నా కూడా బయల్దేరింది.

వీళ్ళు మెల్లగా పోతే ఆమె మెల్లగా. వీళ్ళు జోరు పెంచితే ఆమె జోరుగా. దాటి పోదు, తప్పుకోదు. ఎదురొచ్చే మోటార్‌సైకిళ్ళవాళ్ళు పలకరింపుగా ఎడమచెయ్యి కిందికి దించి రెండు వేళ్ళు చూపిస్తే, తన చుట్టాలే అయినట్టు అందరికీ బదులిస్తుంది.

కొండ మలుపు దగ్గర ఫోటో కోసం ఆగారు. ఆమె కూడా ఆగింది.

"ఇటివ్వండి, ఇద్దరికీ కలిపి నేను తీస్తా. ఏం అబ్బీ, నీ పెళ్ళామేగా? కాస్త దగ్గరికి జరుగు, కరవదు."

పెట్రోలు బంకు దగ్గరా అంతే. అక్కడ మాత్రం వెర్నా బాత్రూంలోకి వెళ్ళింది. తలుపు పడగానే కారిస్సా డారెల్ చెయ్యి పట్టుకుంది.

"పద. ఆవిడ బయటికొచ్చేలోపు వెళ్ళిపోదాం."

"పెద్దావిడ కదా, పాపం..."

"పాపమా? మధ్యాహ్నంనుంచీ జిగురులా అంటుకుంది. నాకు దొరికిందే ఒక్క ఆదివారం, అదీ ఆవిడకి పంచనా? అంత తోడు కావాలంటే ఓ కుక్కని పెంచుకోమను."

"పొద్దు వాలుతోంది కారిస్సా."

"అందుకే అంటున్నా. పెద్ద రోడ్డొద్దు, పాత రోడ్డున పోనీ. వెతుక్కుంటే వెతుక్కోనీ."

డారెల్ ఏదో అనబోయాడు. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నోరు మూసుకున్నాడు. బండి తీశాడు.

పాత రోడ్డు మీద నరపురుగు లేదు. రెండు వైపులా ముళ్ళపొదలు, అవతల ఉప్పు పేరుకున్న బయలు. సూర్యుడు దిగిపోయాడు. కొండలు ఊదారంగు తిరిగి, అదీ పోయి నల్లబడ్డాయి. కారిస్సా అతని వీపుకి చెంప ఆనించింది. కావాలనుకున్నది దొరికింది. ఇద్దరమే.

డారెల్ మాటిమాటికీ అద్దంలోకి చూస్తున్నాడు.

నేనిక్కడుంటే ఆవిడ కోసం చూస్తాడేంటి, అనుకుంది. పక్కన మనిషి లేనప్పటికంటే ఎక్కువ ఒంటరిగా అనిపించింది.

అప్పుడే వెనకనుంచి హారన్. చక్రాలు కీచుమన్నాయి. పెద్ద వ్యాను ఒకటి ఆమె మోకాలిని గాలితో కొట్టి, పక్కకి దూసుకుపోయి ఇసకలో దిగబడింది. డారెల్ బండి ఆపాడు.

టోపీ పెట్టుకున్న డ్రైవరు దూకి వచ్చాడు.

"చావాలనుందా? మీదకొచ్చేదాకా కనపడలేదయ్యా! నీ సంగతి సరే, వెనకాల ఆడమనిషిని పెట్టుకుని..."

 మాట మధ్యలోనే ఆపి, తిట్టుకుంటూ వ్యాను వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

కారిస్సా బండి దిగి ఇసకలో కూర్చుంది. ఓపల్ రెండు పళ్ళు కళ్ళముందు ఆడాయి.

"మనం అతనికి ఎందుకు కనపడలేదు?"

డారెల్ బండి వెనక చక్రం దగ్గరికి వెళ్ళి వంగాడు.

"వెనక లైటు పోయింది. లోపల తీగ కాలింది."

"ఎప్పుడు?"

"మధ్యాహ్నానికి ముందే."

"తెలిసీ చెప్పలేదా నాకు?"

"చెప్తే అక్కణ్ణించే ఏ లారీ అయినా ఎక్కి పాప దగ్గరికి పోదామంటావు. నాకు మాత్రం ఇంకో ఆదివారం ఎక్కడుంది కారిస్సా?"

ఏడాదిగా వినాలనుకున్న మాట. ఇప్పుడు చెవులకెక్కలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. రోడ్డంతా చీకటి, ఎక్కడా చిన్న వెలుగు కూడా లేదు.

"లైటు పోయిందని నీకెవరు చెప్పారు?"

డారెల్ తల దించుకున్నాడు.

"వెర్నా. ఆవిడ ఊరు అసలిటు కాదు, పూర్తిగా ఆవలివైపు. 'ఆదివారం షెడ్డువాళ్ళెవరూ ఉండరు అబ్బీ, నీ పెళ్ళాం బెంగపడుతుంది, దానికి చెప్పకు, మీ ఇంటిదాకా మీ వెనక దీపం నేనే' అంది."