తడి గోనె కప్పిన పెట్టె

వంశధార రెండోసారి ఊరు ముంచిన మరుసటి ఏడు, పరదేశీ ఓడ ఒకటి మా ఒడ్డు ముందు నూనె వదిలిపోయింది. అనుమానం మీద దాన్ని పట్టి రేవులో ఆపారు. అప్పటికి ప్రతి బోటుకీ వాసనపెట్టె ఉండేది. నీటి వాసన పట్టి, నూనె ఏ ఓడదో అదే కోర్టుకు చెప్పేది. నాలుగు రోజుల్లో ఏ పెట్టె కూడా చెప్పకపోతే ఓడను వదిలేస్తారు. ఒడ్డు శుభ్రం చేసే ఖర్చు మా ఊరి మీద పడుతుంది.

మూడు రోజులు గడిచినా ఒక్క పెట్టె కూడా పలకలేదు.

మా వదిన గున్నమ్మ మోచేతుల దాకా నలుపుతో ఇసుకలోని నూనె గీకుతోంది.

“ఏటి మరిదీ, ఆయేల సెల్లిని సూడ్డానికి అటేపే ఎల్లినావు గదా! నీ పెట్టెకేటి, పడిశెం పట్టినాదేటి?”

ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

నేను చెల్లెలి ఊరికి వెళ్లలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలం, వల వేయకూడదు. దొంగ వేటకు పోయేవాళ్లం, పెట్టె పసిగట్టకుండా దాని మీద తడి గోనె కప్పేస్తాం. నేనూ కప్పాను. ఓడ నూనె వదలడం కళ్లారా చూశాను. దాని మీది అంకెలు చదవడానికి నా మూడో తరగతి సరిపోయింది.

మనిషి నోటిమాటను కోర్టు నమ్మాలంటే, ఆ మాటతో చెప్పినవాడికి నష్టం జరగాలి. దొంగ వేట ఒప్పుకుంటే నాకు బోటు పోతుంది.

మర్నాడు పొద్దున్నే జడ్జిగారికి ఆ అంకెలు చెప్పాను.

“అప్పుడక్కడ ఏం చేస్తున్నావు?” అన్నారు.

వదిన నా వెనకే నిలబడి ఉంది. తల ఎత్తకుండానే, “దొంగ వేట” అన్నాను.