ముప్పై అడుగుల లోపల

ఆ వీధి తలుపు కాస్త మూస్తారా అని అడిగాడు తేజేశ్వర్.

నాగజ్యోతి వెంటనే లేవలేదు. ఇంట్లో ఉన్నది తామిద్దరే. భర్త శివశంకర్ విత్తనాల కంపెనీ మీటింగుందని తెల్లవారకముందే కర్నూలు బస్సుకని బయలుదేరాడు. తేజేశ్వర్ ఆమెతో డిగ్రీ చదివినవాడు, ఇప్పుడు కడపలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్నాడు. ఇంట్లో కూర్చుని టైపింగు పని చేసుకుందామని ఆమె కొన్న లాప్‌టాప్‌లో విండోస్ లేదు. అది ఎక్కించడానికే వచ్చాడు.

ఎండ తెర మీద పడి అక్షరాలు కనిపించడం లేదన్నాడతను. నిజమే కావచ్చు. ఆమె తలుపు మూసి, వచ్చి దూరంగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

కూర్చుందో లేదో ఫోను మోగింది. శివశంకర్. బస్సు నంద్యాల దాటిందనీ, పక్కన మనుషులున్నారు కాబట్టి గట్టిగా మాట్లాడలేననీ చెప్పాడు. వచ్చిన మనిషి ఏం చేస్తున్నాడని అడిగాడు. ఆమె చెప్పింది.

"వీధి తలుపు తెరిసే పెట్టినావా?"

"తెరిసే ఉండాది," అంది నాగజ్యోతి. ఎందుకు అబద్ధమాడిందో ఆమెకే తెలియలేదు.

"ఆయప్పను ఒక్కణ్ణే ఇడిసిపెట్టి లోపలికి పోవద్దు. కాలేజీలో చూసిన మనిషే ఇప్పుడూ ఉంటాడనుకోవద్దు," అన్నాడు శివశంకర్.

ఆ మాట ఆమెను పట్టుకుంది. అంతవరకూ మామూలుగా కనిపించిన మనిషి ఇప్పుడు వేరుగా కనిపించసాగాడు. కాలేజీలో నువ్వు అని పిలిచినవాడు ఇవాళ మీరు అంటున్నాడు. అది మర్యాదేనా? మీ ఆయన ఎప్పుడొస్తాడని రాగానే ఎందుకు అడిగాడు? లాప్‌టాప్‌ను బల్ల మీద తనవైపుకి ఎందుకు తిప్పుకున్నాడు?

మంచినీళ్లు కావాలన్నాడు. ఆమె వంటింటి గడపలో నిలబడి, కుండలో చెంబు ముంచుతూనే అతని మీద ఒక కన్ను వేసి ఉంచింది. అప్పుడే అతని సెల్లు మోగింది. అతను పేరు చూసి నొక్కేసి, దాన్ని బోర్లించి పెట్టాడు. ఎవరని ఆమె అడగకముందే, అంగట్లోంచి వచ్చిన ఫోనని చెప్పాడు. అడగకుండా ఎందుకు చెప్పాడు?

విండోస్ ఎక్కింది. ఇక అయిపోయిందనుకుంది నాగజ్యోతి. అతను మాత్రం సంచిలోంచి ఇంకో సీడీ తీశాడు.

మళ్లీ ఫోను. కర్నూల్లో దిగినానన్నాడు శివశంకర్. గొంతు ఇంకా తగ్గించే ఉంది.

"ఇంకా పోలేదా?"

"లేదు. ఇంకేదో వేస్తాండాడు."

"ఏం వేస్తాండాడో అడుగు. నీ పక్కనొచ్చి కూర్చున్నాడా?"

"లేదు," అంది ఆమె. ఈసారి నిజమే చెప్పింది గానీ, గొంతు మాత్రం తప్పు చేసినదానిలా పలికింది.

ఫోను పెట్టేసి తేజేశ్వర్‌ను కాస్త కటువుగానే అడిగింది, ఇంకెంతసేపని. అతని ముఖం చిన్నబోయింది. విండోస్ ఎక్కినంత మాత్రాన సరిపోదని నిదానంగా చెప్పాడు. లోపలున్న ఒక్కో భాగాన్ని విండోస్ గుర్తుపట్టాలంటే దానికి డ్రైవర్ ఉండాలి. సౌండు డ్రైవర్ వేస్తేనే పాట వినిపిస్తుంది, తెరకు డ్రైవర్ వేస్తేనే బొమ్మ సరిగ్గా వస్తుంది. అన్నీ వేశాననీ, బ్లూటూత్ ఒక్కటే మిగిలిందనీ అన్నాడు.

అదీ వేశాడు. పనిచేస్తుందో లేదో చూడాలంటే దగ్గర్లో బ్లూటూత్ ఉన్న సెల్లు ఒకటి కావాలి. తన సెల్లులో అది లేదట. ఆమె సెల్లులోనూ లేదు.

"వెతికించి చూస్తా. ముప్పై అడుగుల లోపల ఏ సెల్లున్నా పేరుతో సహా చూపిస్తాది," అన్నాడు.

ఇది కూడా కూర్చోవడానికి సాకే అనిపించింది ఆమెకు. ఊరి చివర కొత్త ప్లాట్లలో తమదొక్కటే ఇల్లు. ఇటుపక్కా అటుపక్కా కంపచెట్లే.

"ఈడ ఎవురుండారప్పా? వెతికినా ఏమీ రాదు. ఇంక మూసెయ్," అంది.

అతను తెర వైపే చూస్తున్నాడు.

"వచ్చింది," అన్నాడు. "జ్యోతి శివ అని చూపిస్తాంది. ఎవరిదది?"

నాగజ్యోతి లేచి మొదటిసారిగా అతని పక్కకు వచ్చింది. తెర మీద ఒకటే పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో, తన పేరులో సగం, దాని పక్కన శివశంకర్ పేరులో సగం. ఆయన కొత్త సెల్లు కొన్నప్పుడు ముచ్చటపడి ఆ పేరు పెట్టింది తనే. స్నేహితుల దగ్గర పాటలు ఎక్కించుకోవడానికి ఆయన బ్లూటూత్ ఎప్పుడూ తెరిచే ఉంచుతాడు.

ఆమె వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచింది. వీధిలో ఎవరూ లేరు. కంపచెట్ల మీద ఎండ మండుతోంది. వెనక్కి వెళ్లి పెరటి తలుపు కూడా తీసి చూసింది. అక్కడా ఎవరూ లేరు.

చేతిలో ఫోను మోగింది. మీటింగు మొదలైందనీ, బయటికొచ్చి మాట్లాడుతున్నాననీ గొంతు తగ్గించి చెప్పాడు శివశంకర్. ఆయప్ప పోయినాడా అని అడిగాడు.

నాగజ్యోతి పెరట్లోంచి పైకి పోయే మెట్ల వైపు చూసింది.

"ఎండ శానా ఉండాది," అంది. "మిద్దె దిగి రాండి."