తిరిగాను

ఆ ఆదివారం టీచరమ్మ నల్లబల్ల మీద ఒకే ఒక్క మాట రాసింది. తిరుగు.

పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఇక్కడి మాట రాక అవస్థ పడేవాళ్ళకు ఆమె తెలుగు నేర్పుతుంది. బట్టల మిల్లు క్యాంటీను పైన ఒక గది, పన్నెండు కుర్చీలు, ఒక టేబులు, ఆ నల్లబల్ల. తన దగ్గర ఆరు నెలలు కూర్చుంటే ఎవరికైనా నోరు తిరుగుతుందని ఆమెకు కాస్త గర్వం.

ఏడాది తిరుగుతుంది, ఆకలేస్తే కళ్ళు తిరుగుతాయి, కోపమొస్తే మనిషి ఎదురు తిరుగుతాడు అని వరసగా చెప్పింది. తర్వాత తలా ఒక వాక్యం చెప్పమంది.

హాస్టలు వంటాయన అందరికంటే ముందు లేచాడు. తాను చేయి తిరిగిన వంటవాడినని, తన కూర తిన్నవాళ్ళకు తల తిరుగుతుందని చెప్పాడు. గది గొల్లుమంది. కుట్టుమిషను ఆమె, అద్దె ఇంటి కోసం నెలరోజులు కాళ్ళరిగేలా తిరిగానంది.

గోడవారగా కూర్చునే లాండ్రీ ఆయన వంతు వచ్చింది.

యాభై దాటిన మనిషి. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళు పాలిపోయి ఉంటాయి. నర్సుగా పనిచేసే కూతురితో కలిసే ఎప్పుడూ వస్తాడు. ఆసుపత్రిలో మాట్లాడీ మాట్లాడీ ఆ అమ్మాయికి తెలుగు బాగానే పట్టుబడింది. ఇద్దరిదీ ఒకటే పుస్తకం. ఆ రోజు ఆ అమ్మాయికి డ్యూటీ పడడంతో ఒక్కడే వచ్చాడు.

ఆయన లేచి నిలబడి, మాటలు కూడబలుక్కున్నాడు.

"బస్సు ఉంది. నేను... తిరిగాను."

"బస్సును తిప్పాను అనాలి బాబాయ్. మనంతట మనం చేస్తే తిరగడం. ఇంకోదాన్ని చేస్తే తిప్పడం. ఏదీ, చెప్పండి."

ఆయన కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపాడు.

"తిప్పలేదు. తిరిగాను."

"తిప్పాను."

"తిరిగాను, టీచరమ్మా."

వెనక కుర్చీలో ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆపి, నల్లబల్ల దగ్గరికి పిలిచి సుద్దముక్క చేతికిచ్చింది. 'నేను బస్సును తిప్పాను' అని పదిసార్లు రాయమంది.

ఆమెకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు. పదిసార్లూ రాశాడు.

టీచరుకు ఎదురు తిరిగితే ఇంతేనని వంటాయన హాస్యమాడాడు. అందరూ మళ్ళీ నవ్వారు. నవ్వుకు ఆమె అడ్డు చెప్పలేదు.

ఆయన సుద్దముక్కను బల్ల అంచున పెట్టి, చేతులు దులుపుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం తండ్రీ కూతుళ్ళిద్దరూ రాలేదు. ఆపై వారమూ రాలేదు.

ఈలోగా ఒక బడి నుంచి టీచరమ్మకు కాగితం వచ్చింది. లాండ్రీ ఆయనను పిల్లల బస్సుకు డ్రైవరుగా పెట్టుకోవాలనుకుంటున్నారట. పిల్లలతో మాట్లాడగలడా, మనిషి ఎలాంటివాడు, రెండు ముక్కలు రాయమన్నారు.

ఆ మాత్రం మాటలు ఆయనకు వచ్చని ఆమెకు తెలుసు. అయినా, 'మొండి మనిషి, చెప్పింది వినడు, పిల్లల బస్సుకు తగడు' అని రాసి పంపేసింది.

నెల దాటాక నర్సమ్మాయి పుస్తకం ఇచ్చేసి పోవడానికి వచ్చింది. తరగతి అయిపోయింది. టీచరమ్మ నల్లబల్ల తుడుస్తోంది.

"మీ నాన్నగారు రావడం లేదేమ్మా?"

ఆయన వేరే ఊళ్ళో ఇస్త్రీ పనికి వెళ్ళిపోయాడని ఆ అమ్మాయి చెప్పింది. పదిహేనేళ్ళుగా స్టీరింగు ముట్టని మనిషి, ఇన్నాళ్ళకు మళ్ళీ పిల్లల బస్సు నడుపుతానన్నాడట. ఎవరో మంచివాడు కాదని రాశారట. ఎవరు రాశారో తెలియదంది.

టీచరమ్మ బల్ల వైపుకే ముఖం పెట్టుకుని నిలబడిపోయింది. రాసింది నేనే అన్న మాట నోటిదాకా వచ్చింది. తుడిచేసిన చోటే మళ్ళీ తుడిచింది.

"ఆ ఆదివారం ఇంటికొచ్చి, తిప్పడానికీ తిరగడానికీ తేడా ఏంటని నన్నడిగాడు. మీరు ఇదివరకు నేర్పిందే చెప్పాను. అయితే నేనన్నది సరైనదే, టీచరమ్మ నొచ్చుకున్నట్టుంది అన్నాడు."

"సరైనదా?"

"వరదొచ్చిన రోజు సంగతండీ అది. మా ఊరి బడి బస్సు ఆయనే నడిపేవాడు. పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరాక సగం దారిలో తెలిసింది, ఏడుగురు బళ్ళోనే ఉండిపోయారని. దారంతా చెరువు గట్టు, బస్సు తిప్పే చోటు లేదు. క్లీనరుకు బస్సు అప్పజెప్పి, తను దిగి, నీళ్ళలో నడుచుకుంటూ వెనక్కి తిరిగాడు."

తుడిచే గుడ్డను టీచరమ్మ రెండు చేతులా పట్టుకుంది.

"మీ నాన్న ఈ సంగతి ఒక్కసారైనా..."

"ఆయన మా నాన్న కాదండి. పెంచాడు, అలా పిలుస్తాను."

ఆ అమ్మాయి పుస్తకం అట్టను అరచేత్తో సవరించి, టేబులు మీద పెట్టింది.

"ఏడుగురం బడి మెట్ల మీద నిలబడ్డాం. ఎవరు చేతికందితే వాళ్ళని ఎత్తుకుని, ఒక్కొక్కరినే గట్టుకు చేర్చాడు. నేను ఆరోదాన్ని. నన్ను దించి మళ్ళీ వెళ్ళేసరికి అక్కడ మెట్లు లేవు. ఆ ఏడో పిల్ల ఆయన కన్నకూతురు."