అత్త పెట్టిన పేరు

"బట్టలు మూట కట్టు తెస్సా. కంచరగాడిద వాకిట్లో ఉంది," అన్నాడు బిందో.

తెస్సా మంచం దిగలేదు. "నా మొగుడు పోయాడని ఎవరు చెప్పారన్నా?"

"సార్దీనియా దీవికి ఉప్పు పడవెక్కినవాడు. వాడు వెళ్ళాక ఏరిన చెస్ట్‌నట్ కాయలు ఎండి పిండి కూడా అయ్యాయి, వాడి జాడ లేదు. ఇంకా ఎవరు చెప్పాలి? ఇవాళ చర్చిలో బాప్తిస్మమప్పుడు మీ అత్తే చెబుతుంది. పిల్లాడికి నాల్దో అని తండ్రి పేరే పెడుతుందని ఊరంతా అనుకుంటోంది."

ఆ కొండ ఊళ్ళలో పోయినవాళ్ళ పేరే బిడ్డకు పెట్టి, వాళ్ళను మళ్ళీ ఇంట్లో నిలబెట్టుకుంటారు. బతికున్నవాళ్ళ పేరు జోలికి పోరు. పెడితే వాళ్ళ ఆయుష్షుకు నీళ్ళు వదిలినట్టే. బిడ్డకు నాల్దో అని పేరు పడితే తెస్సా విధవ అయినట్టే లెక్క.

"మరి నా బిడ్డ?"

"తండ్రింటి బిడ్డ తండ్రింట్లోనే ఉంటాడు. నాన్న నీకు పీసాలో ఇంకో సంబంధం చూసి మాట కూడా ఇచ్చేశాడు. ఆయన మాటంటే మాటే, నీకు తెలీదా?"

బాలింత చర్చికి పోకూడదు. పొద్దున అత్త లాపా బిడ్డను పొత్తిళ్ళలో చుట్టుకుని వెళుతుంటే, "ఏం పేరత్తయ్యా?" అని తెస్సా అడిగింది. ఆవిడ పొత్తిళ్ళు సర్దుకుని వాకిలి దాటింది. కన్నకొడుకును తన నోటితో తనే చంపుకుంటుందా? ఏమో, ఆవిడ మనసులో ఏముందో ఎవరికి తెలుసు?

తలుపు తెరుచుకుంది. లాపా తడిజుట్టు బిడ్డను తెచ్చి తెస్సా ఒళ్ళో పెట్టింది.

"ఏడ్చాడా?" అంది తెస్సా.

"ఏడవలేదు. పాదిరి నాలిక మీద ఉప్పు పెడితే మూతి ముడుచుకున్నాడు. వంటలో నేను ఉప్పెక్కువేసినప్పుడు అచ్చం నువ్వూ అంతే."

బిందో అడ్డొచ్చాడు. "నాల్దో అనేగా పెట్టావ్, అత్తా?"

"కాదు."

"మీ ఆయన పేరా?"

"అది నా పెద్ద మనవడు ఎప్పటినుంచో మోస్తున్నాడు."

"మరెవరి పేరు?"

"డియోతిసాల్వి. దేవుడు నిన్ను రక్షించుగాక అని అర్థమట. పాదిరి కూడా మెచ్చుకున్నాడు."

బిందో వాకిలి వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అది... అది మా నాన్న పేరు."

"అవును నాయనా. ముందు ఇంటికి పోయి ఆయన ఉన్నాడో లేదో చూసుకో. నా కొడుకు సంగతి తర్వాత మాట్లాడుకుందాం."